6వ జనరేషన్ సిస్టమ్‌ల విండోస్ 7 ఎక్కుతలేదు, పెన్‌డ్రైవ్ బూట్ అయితుంది గని కీబోర్డ్ మౌస్ రెండూ చచ్చిపోతున్నయి

దేవరకొండ_డీటీపీ:

అందరికి నమస్తే. నాది దేవరకొండల డీటీపీ షాపు, పెళ్లిపత్రికలు, బిల్ బుక్కులు, ఫ్లెక్సీ డిజైన్లు చేస్త. ఇన్నేండ్లు ఒక కోర్ టూ డుయో సిస్టమ్ మీద నడిపిన, అండ్ల విండోస్ 7 32 బిట్ ఉండె, పేజ్‌మేకర్ 7 ఉండె, పాత తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ దాని యూఎస్‌బీ లాక్‌తోటి (అది గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ నడుస్తది) ఉండె. ఇప్పుడు దాని మదర్‌బోర్డ్ పోయింది, ఆ బోర్డ్ ఇగ దొరకదన్నరు. హార్డ్‌డిస్క్ మంచిగనే ఉన్నది, ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లకు తీసిపెట్టిన.

హైదరాబాద్‌కెల్లి ఒక సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ తెప్పించిన, ఐ5 6వ జనరేషన్, 8 జీబీ ర్యామ్, 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, విండోస్ 10 వేసి ఇచ్చిండ్రు. సిస్టమ్ మస్తు ఫాస్ట్ ఉంది దాని మీద నాకేం ఫిర్యాదు లేదు. కాని మా ఫాంట్ల సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్, దాని లాక్ డ్రైవర్ (లాక్‌ను విండోస్ గుర్తుపట్టేటట్టు చేసే ప్రోగ్రామ్) 10ల ఎక్కుతలేదు. పది పన్నెండేండ్ల పత్రికల ఫైళ్లు అన్నీ ఆ ఫాంట్లల్లనే ఉన్నయి, ఊర్లకెల్లి తండాలకెల్లి వచ్చినోళ్లు "మా పెద్దోని పెండ్లికి కొట్టిన పత్రికనే, పేర్లు మార్చి ఇయ్యి" అని అడుగుతరు, ఆ ఫైల్ తెరువకపోతే పని మొత్తం మొదటికెల్లి చేయాలె. ముహూర్తాలు మొదలైతే కూసోని కొట్టే టైమ్ ఉండది.

అందుకని విండోస్ 7 మళ్ల వేద్దామని చూస్తున్న. అప్పట్ల డబ్బాతోటి కొన్న ఒరిజినల్ డీవీడీ, కీ రెండూ నా దగ్గరున్నయి. కొత్త సిస్టమ్‌ల డీవీడీ డ్రైవ్ లేదు కాబట్టి డీవీడీని ఐఎస్ఓ (మొత్తం డీవీడీ ఒక్క ఫైల్ లెక్క) చేసి రూఫస్ అనే సాఫ్ట్‌వేర్ తోటి 16 జీబీ పెన్‌డ్రైవ్‌ల ఎక్కించిన. బూట్ మెనూల పెన్‌డ్రైవ్ కనపడుతుంది, సెలెక్ట్ చేస్తే "విండోస్ ఈజ్ లోడింగ్ ఫైల్స్" అని గీత నిండుతది, రంగుల లోగో వస్తది, భాష అడిగే స్క్రీన్ గూడ వస్తది. ఆడ మౌస్ కదలది, కీబోర్డ్ నొక్కితే ఏం కాదు. ఒక పాత కీబోర్డ్, గుండ్రటి పిన్ ఉన్నది, పక్క షాపాయన ఇస్తే పెట్టి చూసిన, దాంతోటి ముందుకు పోయింది గని తర్వాత "ఎ రిక్వైర్డ్ సీడీ డీవీడీ డ్రైవ్ డివైస్ డ్రైవర్ ఈజ్ మిస్సింగ్" అని వస్తుంది. నాకు సీడీ డ్రైవే లేదు గద, డ్రైవర్ ఎందుకు అడుగుతుంది? పెన్‌డ్రైవ్ ఖరాబా, ఐఎస్ఓ ఖరాబా, సిస్టమే ఖరాబా, జర తెలిసినోళ్లు చెప్పుండ్రి.


నల్గొండ_పోరడు:

అక్కా నీలం రంగు పోర్ట్‌ల పెట్టినవా పెన్‌డ్రైవ్? తీసి నల్ల పోర్ట్‌ల పెట్టు. నీలంది అంటే యూఎస్‌బీ 3.0, విండోస్ 7 సెటప్‌కు అది తెల్వదు. మా ఇంట్ల 4వ జనరేషన్ సిస్టమ్‌ల సేమ్ గిదే ఎర్రర్ వచ్చింది, పోర్ట్ మారిస్తే ఒక్కసారికే ఎక్కింది.


దేవరకొండ_డీటీపీ:

అన్ని పోర్ట్‌లల్ల పెట్టి చూసిన తమ్మీ, ముందట ఉన్నయి వెనక ఉన్నయి నల్లయి నీలంయి అన్నీ. తేడా లేదు.


పాలమూరు_మాస్టారు:

అమ్మా, మీ పెన్‌డ్రైవ్ మంచిగనే ఉన్నది, సిస్టమ్ గూడ మంచిగనే ఉన్నది. పైన తమ్ముడు చెప్పింది 4వ జనరేషన్ దాక కరెక్టే, మీ 6వ జనరేషన్‌కు అది పనిచేయది. ఎందుకో చెప్త, తెలిస్తే తర్వాత ఏ సిస్టమ్ అయినా మీరే చూసుకోవచ్చు.

విండోస్ 7 వచ్చింది 2009 అక్టోబర్‌ల. యూఎస్‌బీ 3.0 స్పెసిఫికేషన్ 2008 నవంబర్‌ల వచ్చింది, అంటే అప్పటికి అది ఇంక బోర్డ్‌ల మీదికే రాలేదు. అందుకని 7 డీవీడీల యూఎస్‌బీ 2.0 దాక డ్రైవర్లున్నయి, 3.0కు లేవు. సొంతంగ 3.0 డ్రైవర్ పెట్టుకోని వచ్చింది 2012ల విండోస్ 8. మధ్యల వచ్చిన ఇంటెల్ బోర్డ్‌లల్ల రెండు కంట్రోలర్లు (పోర్ట్‌లను నడిపేటియి) ఉండేటియి, 2.0ది ఒకటి 3.0ది ఒకటి, అందుకనే పోర్ట్ మారిస్తే పని అయ్యేది. 2015ల 6వ జనరేషన్ తోటి వచ్చిన 100 సిరీస్ చిప్‌సెట్‌ల ఇంటెల్ పాత 2.0 కంట్రోలర్‌ను తీసేసింది. ఇప్పుడు మీ సిస్టమ్‌ల నల్ల పోర్ట్ అయినా నీలం పోర్ట్ అయినా లోపల అన్నీ ఎక్స్‌హెచ్‌సీఐ అనే ఒక్క కంట్రోలర్ కిందికే పోతయి.

మరి బూట్ ఎట్ల అయితుంది అంటరా. మొదట్ల పెన్‌డ్రైవ్‌ను చదివేది విండోస్ కాదు, బయాస్, అంటే సిస్టమ్ ఆన్ కాంగనే మొదట లేచే బోర్డ్ మీది ప్రోగ్రామ్. బయాస్‌కు 3.0 వస్తది, అది పెన్‌డ్రైవ్‌ల ఉన్న బూట్ డాట్ విమ్ అనే ఫైల్‌ను ర్యామ్‌లకు ఎక్కించి విండోస్ చేతికి ఇస్తది. మీకు గీత నిండేది గప్పుడే. ఆ తర్వాత విండోస్ కెర్నెల్ (విండోస్ అసలు గుండె భాగం) సొంత డ్రైవర్లతోటి లేస్తది, దానికి ఎక్స్‌హెచ్‌సీఐ తెల్వదు, అంతే, కీబోర్డ్, మౌస్, పెన్‌డ్రైవ్ మూడూ దాని లెక్కల లేనట్టే. గుండ్రటి పిన్ కీబోర్డ్ పీఎస్2, అది యూఎస్‌బీ కాదు కాబట్టి నడిచింది. సెటప్ ముందుకు పోయి మిగిలిన ఫైళ్లు ఉన్న మీడియా ఏడుంది అని వెతికితే పెన్‌డ్రైవ్ దొరకలేదు, అప్పుడు ఆ సీడీ డీవీడీ మెసేజ్ పెట్టింది. 2009ల చానమంది డీవీడీ నుంచే వేసేటోళ్లు కాబట్టి మెసేజ్ అట్ల రాసి పెట్టిండ్రు, దాన్ని చూసి మస్తు మంది లేని డీవీడీ డ్రైవర్ కోసం వెతుకుతరు.

ఒక చిన్న పరీక్ష. భాష అడిగే స్క్రీన్ మీద యూఎస్‌బీ కీబోర్డ్‌ల నమ్ లాక్ నొక్కుండ్రి. లైట్ మారకపోతే నేను చెప్పిందే. లైట్ మారుతుండి గూడ అదే ఎర్రర్ వస్తే అప్పుడు ఐఎస్ఓ మీద అనుమానపడాలె, కాపీ సక్కగ కాకపోయినా అదే మెసేజ్ వస్తది.


దేవరకొండ_డీటీపీ:

సార్ నమ్ లాక్ లైట్ మారుతలేదు. బయాస్‌ల ఉన్నప్పుడు మారుతుంది, సెటప్‌ల మారుతలేదు. ఇంత వివరంగ నాకు ఎవ్వరు చెప్పలే సార్, ఈడ అడిగిన ఇద్దరు ముగ్గురు గూడ పెన్‌డ్రైవ్ మార్చు అనే అన్నరు. ఇప్పుడు ఆ 3.0 డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌ల ఎట్ల పెట్టాలె? డ్రైవర్ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌ల కాపీ చేసి సెటప్‌ల బ్రౌజ్ కొడితే అయితదా?


జడ్చర్ల_సిస్టమ్స్:

అక్కా బ్రౌజ్ కొట్టనీకె పెన్‌డ్రైవే కనపడది గద, అందుకే ఆ దారి బంద్. డ్రైవర్‌ను విండోస్ ఫైళ్ల లోపలనే కలిపెయ్యాలె. నేను ఇసొంటి రీఫర్బిష్డ్ సిస్టమ్‌లు మస్తు చేస్త, షాపులోళ్లు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కోసం 7నే అడుగుతరు, చెప్త మెల్లగ చదువు.

మీ విండోస్ 10 సిస్టమ్ మీదనే ఈ పని అయితది, వేరే సాఫ్ట్‌వేర్ ఏం కొనే పని లేదు, డిస్మ్ అని విండోస్ ఫైళ్లల్ల మార్పులు చేసే కమాండ్ విండోస్‌లనే ఉంటది. ముందుగాల ఇంటెల్ 100 సిరీస్ చిప్‌సెట్‌కు విండోస్ 7 కోసం ఇచ్చిన యూఎస్‌బీ 3.0 ఎక్స్‌టెన్సిబుల్ హోస్ట్ కంట్రోలర్ డ్రైవర్ తీస్కో, మీ సిస్టమ్ కంపెనీ సపోర్ట్ పేజీల మోడల్ నంబర్ కొడితే 6వ జనరేషన్ వాటికి 7 డ్రైవర్లు చాన మట్టుకు ఉంటయి. జిప్ విప్పితే డ్రైవర్స్ ఫోల్డర్‌ల ఎక్స్64, ఎక్స్86 అని రెండు రకాలుంటయి. మీది 32 బిట్ కాబట్టి ఎక్స్86 మాత్రమే తీస్కోవాలె, 64ది కలిపితే అది ఉన్నా లేనట్టే.

తర్వాత పెన్‌డ్రైవ్ సోర్సెస్ ఫోల్డర్‌లకెల్లి బూట్ డాట్ విమ్, ఇన్‌స్టాల్ డాట్ విమ్ రెండు ఫైళ్లను డీ డ్రైవ్‌ల ఒక ఫోల్డర్‌లకు కాపీ చేయి, ప్రాపర్టీస్‌ల రీడ్ ఓన్లీ టిక్ ఉంటే తీసెయ్యి. పక్కన ఇంకో ఖాళీ ఫోల్డర్ చేయి, మౌంట్ అని పేరు పెట్టు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్ లెక్క తెరిచి డిస్మ్ తోటి బూట్ డాట్ విమ్‌ను ఆ ఖాళీ ఫోల్డర్‌లకు మౌంట్ చేయాలె (విప్పి తెరవాలె), తర్వాత యాడ్ డ్రైవర్ కమాండ్‌కు ఎక్స్86 ఫోల్డర్ చూపెట్టి వెనక రికర్స్ (లోపలి ఫోల్డర్లు గూడ చూడు అని) పెట్టాలె, అయినంక అన్‌మౌంట్ కమిట్ (మార్పులు సేవ్ చేసి మూసుడు). బూట్ డాట్ విమ్‌ల ఇండెక్స్ 1, ఇండెక్స్ 2 అని రెండు భాగాలుంటయి, సెటప్ నడిచేది 2 మీద, నేనయితే రెండిట్లకు కలుపుత.

ఆడికే ఆపితే మాత్రం సగం పని అయినట్టు అక్కా. సెటప్ అయితే నడుస్తది, ఫైళ్లు కాపీ అయితయి, రీస్టార్ట్ అయినంక పేరు అడిగే స్క్రీన్ మీద కీబోర్డ్ మళ్ల చస్తది, ఎందుకంటే హార్డ్‌డిస్క్ మీద కూసునేది ఇన్‌స్టాల్ డాట్ విమ్‌ల ఉన్న విండోస్. కాబట్టి దాంట్ల గూడ కలపాలె. గెట్ విమ్ ఇన్ఫో కొడితే దాంట్ల ఏ ఎడిషన్ ఏ ఇండెక్స్‌ల ఉందో చూపెడతది, మీ కీ ఏ ఎడిషన్‌దో ఆ ఒక్క ఇండెక్స్‌కు కలిపితే సాలు, అన్నిటికి కలిపితే ఊకెనే టైమ్ పోతది. అన్‌మౌంట్ కొట్టేటప్పుడు ఆ మౌంట్ ఫోల్డర్ ఎక్స్‌ప్లోరర్‌ల తెరిచి ఉండొద్దు, ఉంటే ఎర్రర్ ఇస్తది. అయినంక రెండు ఫైళ్లు మళ్ల పెన్‌డ్రైవ్ సోర్సెస్‌ల పాతవాటి మీద పెట్టెయ్యి.

కమాండ్లు కొట్టుడు కష్టమనిపిస్తే గిగాబైట్ వాళ్ల విండోస్ యూఎస్‌బీ ఇన్‌స్టాలేషన్ టూల్ ఉంటది, పెన్‌డ్రైవ్ చూపెట్టి టిక్ పెడితే ఇదే పని అదే చేస్తది. కొన్ని బోర్డ్‌ల బయాస్‌లనే విండోస్ 7 ఇన్‌స్టాలేషన్ అనో పీఎస్2 సిమ్యులేటర్ అనో ఆప్షన్ ఉంటది, ఒకసారి వెతుకు.

ఇంక బయాస్‌ల మూడు చూస్కో. సెక్యూర్ బూట్ తీసెయ్యి. బూట్ మోడ్ లెగసీ లేకుంటే సీఎస్ఎమ్ (రెండూ పాత బూట్ పద్ధతే) పెట్టు, 32 బిట్ 7 యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిల లేవనే లేవది. సాటా మోడ్ (డిస్క్‌ను నడిపే పద్ధతి) రెయిడ్ ఉంటే ఏహెచ్‌సీఐ చేయి, కొన్ని బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లు ఫ్యాక్టరీ నుంచే రెయిడ్ మీద వస్తయి, అప్పుడు 7 సెటప్‌ల డిస్క్ కనపడది. రూఫస్‌ల పార్టిషన్ స్కీమ్ ఎంబీఆర్ (డిస్క్ భాగాల లెక్క రాసే పాత పద్ధతి), టార్గెట్ బయాస్, ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్.

ఎస్ఎస్‌డీ మీద విండోస్ 10 ఉంది కాబట్టి అది చాన మట్టుకు జీపీటీల (ఎంబీఆర్ తర్వాత వచ్చిన కొత్త పద్ధతి) ఉంటది, లెగసీల బూట్ చేస్తే "సెలెక్టెడ్ డిస్క్ ఈజ్ ఆఫ్ ది జీపీటీ పార్టిషన్ స్టైల్" అని అడ్డం పడతది. అప్పుడు షిఫ్ట్ ఎఫ్10 నొక్కితే నల్ల విండో వస్తది, డిస్క్‌పార్ట్, లిస్ట్ డిస్క్, సైజ్ చూసి కరెక్ట్ డిస్క్ సెలెక్ట్, క్లీన్, కన్వర్ట్ ఎంబీఆర్. అక్కా క్లీన్ కొట్టినంక ఆ డిస్క్‌ల ఏం మిగలది, పాత ఫైళ్లున్న హార్డ్‌డిస్క్ కేబుల్ పీకి పక్కకు పెట్టినంకనే ఈ పని మొదలువెట్టు, దండం పెట్టి చెప్తున్న.


వనపర్తి_వాసి:

నాదొక మాట. 7కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14తోటి అయిపోయింది. పైసలు కట్టిన కంపెనీలకు ఇచ్చిన అప్డేట్లు గూడ 2023 జనవరి దాకనే. క్రోమ్ 109 తోటి ఆగిపోయింది. ఇసొంటి దాన్ని మెయిన్ సిస్టమ్ చేసుకునే బదులు విండోస్ 10 అట్లనే ఉంచి వర్చువల్ బాక్స్‌ల (విండోస్ లోపలనే ఇంకో విండోస్ నడిపే సాఫ్ట్‌వేర్) 7 వేసుకుంటే ఏమైతది? వర్చువల్ మెషీన్ పాత రకం హార్డ్‌వేర్ చూపెడతది కాబట్టి ఈ యూఎస్‌బీ గొడవే రాదు, ఐఎస్ఓ డైరెక్ట్ పెడితే ఎక్కుతది, డిస్మ్ అవసరమే లేదు. 8 జీబీ ర్యామ్‌ల 3 జీబీ దానికిస్తే 32 బిట్‌కు సరిపాయె. యూఎస్‌బీ లాక్‌ను గూడ లోపలికి పంపొచ్చు.


జడ్చర్ల_సిస్టమ్స్:

అన్నా నువ్వు చెప్పింది మంచి దారే, ఫైల్ చూసుకోని ప్రింట్ తీసేటోళ్లకు నేను గూడ అదే చెప్త. కాని లాక్‌ల తోటి నాకు నమ్మకం లేదు, కొన్ని వర్చువల్ మెషీన్‌ల దొరుకుతయి కొన్ని మొరాయిస్తయి, ప్రింటర్ పోర్ట్‌కు పెట్టే పాత లాక్ అయితే ఇంక కష్టం. అక్కది రోజంత అండ్లనే కూసోని చేసే పని. ముందుగాల వర్చువల్ బాక్స్‌ల లాక్ దొరుకుతదా చూసి, దొరికితే అట్ల, లేకుంటే డైరెక్ట్ వేసుకుంటే అయిపాయె.


పాలమూరు_మాస్టారు:

వనపర్తి ఆయన చెప్పిన సపోర్ట్ మాట పక్కన పెట్టేది కాదమ్మా. మీ షాపుల కస్టమర్లు పెన్‌డ్రైవ్‌లు తెస్తరు, వాట్సాప్‌ల ఫొటోలు పంపుతరు. 7 సిస్టమ్‌ల నెట్ పెట్టకుండ్రి, ఫోన్‌పే బ్యాంకు పనులు అసలే వద్దు. మెయిల్, వాట్సాప్ వేరే సిస్టమ్‌లనో ఫోన్‌లనో చూసుకోని ఫైల్ స్కాన్ చేసి ఈ 7 సిస్టమ్‌లకు తెచ్చుకోండ్రి.

ఇంకొకటి, కొత్తగ కొట్టే పత్రికలు మెల్లమెల్లగ యూనికోడ్‌కు (తెలుగు అక్షరాలకు సొంత కోడ్‌లు ఉండే పద్ధతి) మార్చుకోండ్రి. పాత ఫాంట్లల్ల తెలుగు అక్షరాలు ఇంగ్లీష్ అక్షరాల కోడ్‌ల మీద కూసోవెట్టి ఉంటయి, ఆ ఫాంట్ లేకపోతే ఫైల్‌ల ఉన్నది ఏ మిషన్ చదవలేదు. మండలి, రామభద్ర, గురజాడ అసొంటి యూనికోడ్ ఫాంట్లు ఫ్రీగనే దొరుకుతయి, ఇన్‌డిజైన్ అనే పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌ల వరల్డ్ రెడీ కంపోజర్ ఆప్షన్ పెడితే ఒత్తులు సక్కగ వస్తయి. మీ చేతిల ఉన్నయి మన జిల్లాల ఇండ్ల పేర్లు, ఊర్ల పేర్లు, తాతముత్తాతల పేర్లు, ఒక యూఎస్‌బీ లాక్ ఖరాబైతే అన్నీ తెరువకుంట పోతయి, నాకు అదే రంది. ముఖ్యమైన పత్రికలన్నీ పీడీఎఫ్ గూడ చేసి పెట్టుండ్రి.


దేవరకొండ_డీటీపీ:

అందరికి దండాలు. వర్చువల్ బాక్స్‌ల ముందుగాల చూసిన, 7 అయితే సులువుగ ఎక్కింది గని లాక్ ఒకసారి దొరుకుతుంది, ప్రింట్ ఇచ్చే టైమ్‌కు పోతుంది. అందుకని డైరెక్ట్ వేసిన.

జడ్చర్ల తమ్ముడు చెప్పినట్టే డిస్మ్ తోటి చేసిన, బూట్ డాట్ విమ్ రెండు ఇండెక్స్‌లు, ఇన్‌స్టాల్ డాట్ విమ్‌ల ప్రొఫెషనల్ ఇండెక్స్. ఈసారి భాష స్క్రీన్ మీద యూఎస్‌బీ మౌస్ కదిలింది! సాటా మోడ్ రెయిడ్ మీదనే ఉండె, మార్చిన. జీపీటీ ఎర్రర్ గూడ వచ్చింది, డిస్క్‌పార్ట్ తోటి పోయింది. రీస్టార్ట్ అయినప్పుడు సెటప్ మళ్ల మొదటికెల్లి మొదలైంది, బూట్ ఆర్డర్‌ల పెన్‌డ్రైవ్ పైన ఉండె కాబట్టి, పీకేసి ఎస్ఎస్‌డీ నుంచి లేపితే ముందుకు పోయింది. ఎవరన్న వేసుకునేటోళ్లుంటే అది యాదిల పెట్టుకోండ్రి.

పేజ్‌మేకర్, ఫాంట్లు, లాక్ అన్నీ నడుస్తున్నయి. చెర్వుగట్టు జాతర ఫ్లెక్సీ పాతది ఒకటి తెరిచి చూసిన, అక్షరం చెదరలే. నెట్ కేబుల్ పెట్టలే సార్. పీడీఎఫ్‌లు చేసుడు మొదలుపెట్టిన, పాత ఫైళ్లకెల్లి కొత్తవాటి దిక్కు వస్తున్న.

ర్యామ్ 8 జీబీ ఉంటే 3.4 అట్లనే చూపెడుతుంది, అది 32 బిట్ వల్లనేనా?


జడ్చర్ల_సిస్టమ్స్:

అవునక్కా 32 బిట్ అంతకంటె ఎక్కువ వాడుకోలేదు, పేజ్‌మేకర్‌కు అది గూడ ఎక్కువే. ఇప్పుడు అన్నీ నడుస్తున్నయి కాబట్టి ఆలస్యం చేయకుంట కంట్రోల్ ప్యానెల్‌ల బ్యాకప్ అండ్ రిస్టోర్‌కు పోయి సిస్టమ్ ఇమేజ్ ఒకటి ఎక్స్‌టర్నల్ డిస్క్‌ల తీసిపెట్టు. ఇంకోసారి ఎస్ఎస్‌డీ పోయినా డిస్మ్ నుంచి మొదలుపెట్టే పని ఉండది. డ్రైవర్ కలిపిన ఆ పెన్‌డ్రైవ్‌ను గూడ ఫార్మాట్ కొట్టకు, మీద పేరు రాసి దాచిపెట్టు.


మిర్యాలగూడ_రైస్‌మిల్:

ఇదే పద్ధతిల 8వ జనరేషన్ ల్యాప్‌టాప్‌ల అయితదా అన్నా? మా వేబ్రిడ్జి (లారీలను తూచే కాంటా) సాఫ్ట్‌వేర్ 7లనే నడుస్తది. అండ్ల ఎన్‌వీఎమ్ఈ (సాటా కాని కొత్త రకం) ఎస్ఎస్‌డీ ఉన్నది.


జడ్చర్ల_సిస్టమ్స్:

నేనయితే వద్దంట అన్నా. ఎన్‌వీఎమ్ఈకి 7ల డ్రైవర్ లేదు, కేబీ2990941 అనే హాట్‌ఫిక్స్ (మైక్రోసాఫ్ట్ ఇచ్చిన చిన్న సవరణ ఫైల్) గూడ డిస్మ్ తోటి కలపాలె, అది చేసినా 7వ జనరేషన్ నుంచి ఇంటెల్ 7కు గ్రాఫిక్స్ డ్రైవర్ ఇయ్యలేదు, స్క్రీన్ సాగదీసినట్టు కనపడతది, విండోస్ అప్డేట్ గూడ ఆ ప్రాసెసర్‌లను అడ్డుకుంటది. ల్యాప్‌టాప్ అట్లనే ఉంచి 3వ 4వ జనరేషన్ డెస్క్‌టాప్ ఒకటి సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ దిక్కు చూడు, వేబ్రిడ్జి కేబుల్ సీరియల్ పోర్ట్‌దే అయితే వెనకంగ ఆ పోర్ట్ ఉన్న బోర్డే అడిగి తీస్కో.